వినకుండా చదివిన రేడియో



పోయిన మూడు భాగాలూ లెక్కలతో, జీవోలతో నిండిపోయినయి. ఈసారి ఒక కథల రేడియో గురించి రాస్త. ఉద్యమానికీ దీనికీ ఏం సంబంధమని అడిగే తమ్ముళ్లు ముందు చివరిదాంక చదవండి. అప్పటికీ అడగాలనిపిస్తే అడగండి.

దాని పేరు ‘వెల్‌కమ్ టు నైట్ వేల్’. అమెరికాలో తయారైన పాడ్‌కాస్ట్. మొదటి ఎపిసోడ్ 2012 జూన్ 15న వచ్చింది. రాసినోళ్లు ఇద్దరు, జోసెఫ్ ఫింక్, జెఫ్రీ క్రేనర్. చదివే గొంతు సెసిల్ బాల్డ్విన్‌ది. నెలకు రెండుసార్లు, ఒకటో తారీఖు ఒకటి, పదిహేనో తారీఖు ఒకటి. అమెరికా నైరుతి దిక్కు ఎడారిలో నైట్ వేల్ అనే చిన్న ఊరు. ఆ ఊరి కమ్యూనిటీ రేడియోలో సెసిల్ అనే అనౌన్సర్ వార్తలు చదువుతుంటడు. వరస మొత్తం మన ఆకాశవాణి ప్రాంతీయ వార్తల లెక్కనే ఉంటది. మున్సిపాలిటీ ప్రకటనలు, బడి సంగతులు, ట్రాఫిక్, వ్యాపార ప్రకటనలు, వాతావరణం. కాకపోతే ఆ ఊరి మీదికి మెరిసే మబ్బు ఒకటి వచ్చి చచ్చిన జంతువులను వానలెక్క కురిపిస్తది. అది దాటిపోయినంక ఏం జరిగిందో ఎవ్వరికీ సరిగ్గ గుర్తుండదు. కొన్నాళ్లకు ఆ మబ్బే స్కూలు బోర్డులో మెంబరైతది. ఇదంతా సెసిల్ కరెంటు కోత సంగతి చెప్పినంత నిమ్మళంగ చెప్తడు.

2013 జులై నాటికి అది ఐట్యూన్స్ పాడ్‌కాస్టుల జాబితాలో మొదటి నంబరుకు ఎక్కింది. ఆ గాలి హైదరాబాదులో నేను చదువుకునే యూనివర్సిటీ హాస్టల్ దాంక కూడా వచ్చింది. రాత్రి మెస్ అయినంక ఒకరి ల్యాప్‌టాప్ చుట్టూ ఏడెనిమిది మంది చేరి వినేటోళ్లు, పడీపడీ నవ్వేటోళ్లు. నేనూ కూర్చునేటోణ్ణి.

నాది జహీరాబాద్ దిక్కు ఊరు. పదో తరగతి దాంక తెలుగు మీడియం, సాంఘిక సంక్షేమ హాస్టల్. ఇంగ్లీషు డిగ్రీలో పట్టుబట్టి నేర్చుకున్నదే. అందరూ అనుకున్నట్టు నాకు యాస అడ్డం రాలేదు. సెసిల్ చాలా నెమ్మదిగ, ఒక్కో మాట వత్తి పలుకుతడు. మాటలు వినబడేవి. అడ్డం వచ్చింది ఇంకోటి. మొదటి ఎపిసోడ్ మొదట్లోనే ఊర్లో కుక్కల కోసం కొత్తగ పార్కు తెరిచినమని ప్రకటన వస్తది. వెంటనే ఆ పార్కులోకి కుక్కలకు ప్రవేశం లేదని అంటడు. మనుషులకూ లేదంటడు. నాకు ఆ ‘లేదు’ స్పష్టంగ వినబడింది. వినబడ్డది నమ్మబుద్ధి కాలేదు. ఇంగ్లీషు వాక్యం వింతగ ఉంటే వింత నా చెవిలో ఉందనుకోవడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటు చేసిన పని. మా లాంటి పిల్లగాడు క్లాసులో లేచి ‘సార్, ఇది అర్థం లేనట్టుంది’ అంటే, అర్థం కానిది పుస్తకం కాదు, నువ్వే అని చెప్పే సార్లే ఎక్కువ. కాన్వెంటు నుంచి వచ్చిన పిల్లలకు ఆ సమస్య లేదు. వాక్యం తలకిందులుగ ఉంటే ఇది కావాలని తలకిందులు చేసినదే అని వాళ్లకు అర సెకండులో తెలుస్తది. నవ్వు ఆ అర సెకండులోనే ఉంటది. నేను ఆ అర సెకండు నా ఇంగ్లీషును అనుమానించడానికి ఖర్చు పెట్టుకునేటోణ్ణి. తేరుకునేలోపు సెసిల్ ఇంకో నాలుగు ముచ్చట్లు దాటిపోయేటోడు.

హాస్యం గురించి రాసేటోళ్లు ఈ సంగతి రాయరు. అర్థం లేనిదాన్ని చూసి నవ్వాలంటే ముందు అర్థం మీద హక్కు ఉన్నదని నమ్మకం ఉండాలె.

ఆ నమ్మకం నాకు కాగితం మీద దొరికింది. అభిమానులు కొందరు ముందునుంచే ఎపిసోడ్లు విని, చెవులు వినబడని వాళ్ల కోసం మాట మాటా రాతలో పెడుతుండేటోళ్లు. తర్వాత 2016 సెప్టెంబరులో రచయితలే మొదటి రెండేళ్ల స్క్రిప్టులను రెండు పుస్తకాలుగ వేసిన్రు. మొదటి దాని పేరు ‘మోస్ట్‌లీ వాయిడ్, పార్షియల్లీ స్టార్స్’. 2019లో ఇంకో రెండు వచ్చినయి. నాకు ఆ మొదటి పుస్తకం 2018లో ఆబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల బజారులో దొరికింది. నూటయాభై రూపాయలు. అట్ట కొంచెం తడిసి ఉబ్బి ఉండె. బస్సులోనే తెరిచి కుక్కల పార్కు దగ్గర వేలు పెట్టి చూసిన. ‘లేదు’ అనే మాట అచ్చులో ఉంది. ఐదేండ్ల కింద నా చెవి విన్నది అదే. బస్సులో ఒక్కణ్ణే గట్టిగ నవ్విన. పక్కసీటు పెద్దమనిషి కొంచెం జరిగి కూర్చున్నడు.

స్క్రిప్టు చదవడంలో ఉన్న సుఖం అది. గొంతు మనకోసం ఆగదు, కాగితం ఆగుతది. ఒక వాక్యం దగ్గర ఎంతసేపన్న కూర్చోవచ్చు, ఎవ్వరి నవ్వుకూ తొందరపడే పని లేదు. ప్రతి స్క్రిప్టుకూ ముందు ఒక చిన్న ముందుమాట ఉంటది, అది ఎట్ల పుట్టిందో, ఎవరికి ఏం తోచిందో. అది చదివితే వీళ్లు కూడా తడుముకుంటూ రాసిన మనుషులే అని తెలుస్తది. వినేటోళ్లకు ఆ తడుములాట కనబడదు.

ఇక ఆ పార్కు సంగతి. అందులో ముసుగులు వేసుకున్న ఆకారాలు తిరుగుతుంటయి. వాటి దగ్గరికి పోవద్దు. కంచెకు కరెంటు ఉంటది. అటు ఎక్కువసేపు చూడకపోతేనే మంచిది. పార్కు వల్ల మీకేం హాని లేదు. ఇవన్నీ సిటీ కౌన్సిల్ తరఫున సెసిల్ చెప్తడు. ఎందుకు అని చెప్పడు. ఊరోళ్లు అడగరు. హాస్టల్లో నా దోస్తులకు ఇది అమెరికా నిఘా మీద వ్యంగ్యం. అది నిజమే. నాకు బస్సులో గుర్తొచ్చింది మాత్రం మా ఊరి బొడ్రాయి దగ్గరి గద్దె. దాని మీద మేం కూర్చోవద్దు. ఆ మాట ఎక్కడా రాసి లేదు, బోర్డు లేదు, కంచె లేదు, కరెంటు లేదు. మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పినట్టు కూడా యాది లేదు. అయినా అటు పోయినప్పుడు నా కాళ్లు వాటంతటవే రోడ్డు ఆ పక్కకు తిరిగేవి. ఐదేండ్ల పోరగాని కాళ్లు. నైట్ వేల్ మున్సిపాలిటీ కొంచెం నయం, చెప్పి మరీ ఆపుతది.

కాగితం మీద ఒకటి, నేల మీద ఇంకోటి ఉండడం మనకు కొత్త కాదు. 1923లో బొంబాయి శాసన మండలి సర్కారు చెరువులు, బావులు, బడులు అంటరానివాళ్లకు తెరవాలని తీర్మానం చేసింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ తన చౌదార్ చెరువును తెరుస్తున్నమని తీర్మానం చేసింది. అంటే కాగితం మీద చెరువు మనదే. నీళ్లు తాగినోడు ఒక్కడూ లేడు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో పోయి దోసిట్లో నీళ్లు తీసుకున్న తర్వాత ఏమైంది? మనోళ్ల మీద కర్రలతో పడ్డరు, చెరువును ఆవు పంచకంతో శుద్ధి చేసుకున్నరు, ఆగస్టులో మున్సిపాలిటీ ఆ పాత తీర్మానాన్ని రద్దు చేసుకుంది. కేసు బొంబాయి హైకోర్టులో తేలేసరికి 1937 వచ్చింది. చెరువు తెరిచి ఉన్నదని ప్రకటించి, అందులో ఎవరూ దిగకుండ చూసుకున్న మున్సిపాలిటీ అది. నైట్ వేల్ రాసినోళ్లకు ఈ కథ తెలిసి ఉండదు. తెలిస్తే అసూయపడేటోళ్లు.

ఇంకో ముచ్చట. నైట్ వేల్‌లో దేవదూతలు ఉంటరు. జోసీ అనే ముసలమ్మ ఇంట్లో ఉంటరు, ఆమె అరుగు మీద కాలిపోయిన బల్బు మారుస్తరు, ఇంటిపనిల సాయం చేస్తరు. అందరి పేరూ ఎరికానే. ఊర్లో అందరికీ కనబడతరు. కాని దేవదూతలు లేరన్నది కౌన్సిల్ అధికారిక వైఖరి. ఉన్నరని ఒప్పుకోవడం నేరం. సెసిల్ వాళ్లు చేసిన పని చెప్తడు, వెంటనే వాళ్లు లేరని కూడా చెప్తడు. దీన్ని చదువుతుంటే నాకు మా మండలంలో నెలాఖరున జరిగే పౌరహక్కుల దినం కండ్ల ముందు తిరిగింది. తహసీల్దారు వస్తడు, పోలీసులు వస్తరు, మైకు పెడతరు. ‘ఈ గ్రామంలో అంటరానితనం లేదు’ అని రిజిస్టరులో రాసుకుంటరు, సంతకాలు పెడతరు. 1950 జనవరి 26 నుంచి ఆర్టికల్ 17 ప్రకారం లేదు కదా, నిజమే. ఆ మీటింగుకు అందరూ రావాలని ముందురోజు సాయంత్రం డప్పు కొట్టి చాటేది మావోడే. మీటింగు నడిచినంతసేపూ నిలబడేది కూడా మావోడే. కుర్చీలు సరిపోవు మరి.

చాటింపు దాంక వచ్చిన కాబట్టి మా తాత సంగతి చెప్పాలె. అసలు ఈ భాగం రాస్తున్నది దానికోసమే.

మా తాత ఊరి సుంకరి. ఊరికి ఏ సంగతి తెలియాలన్నా ఆయన డప్పు మీద నుంచే పోవాలె. రేపు పశువులకు సూదులు వేస్తరు. శిస్తు కట్టనోళ్లు కచేరికి రావాలె. ఆదివారం పోచమ్మ బోనాలు. చెరువు చేపల వేలం. నాలుగు కూడళ్లలో ఆగి, చిన్న దరువు వేసి, ‘విన్నరా వినలేదంటరా, ఊరి పెద్దల మాట’ అని మొదలుపెట్టి, సంగతి చెప్పి, మళ్లీ దరువు వేసి ముందుకు నడిచేటోడు. తాత చెప్పిన మాటల్లో తాత మాట ఒక్కటి ఉండేది కాదు. ఊర్లో అందరికన్నా గట్టి గొంతు ఆయనదే. ఆ గొంతులో ఆయన సొంతంగ ఏదన్న చెప్తే మాత్రం వీపు పగులుతది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ ఉద్యమం తనకు దండోరా అని పేరు పెట్టుకున్నప్పుడు, ఇంత కాలం ఊరి మాట మోసిన డప్పు మొదటిసారి మన మాట చాటిందని మా నాయిన అనేటోడు.

మా నాయిన చెప్పిన ఇంకో సంగతి. ఆయనకు పదమూడు పద్నాలుగేండ్లప్పుడు కోతల కాలంలో కూలి పెంచాలని వాడ మొత్తం పనికి పోకుండ కూర్చున్నది. మూడో రోజు పెద్దలు కూడి నిర్ణయం చేసిన్రు. వాడోళ్లను ఎవ్వరూ పనికి పిలవొద్దు. దుకాణంలో ఉప్పు పప్పు ఇయ్యొద్దు. మన బర్రెలు వాళ్ల గట్లు తొక్కొద్దు. మాట్లాడినోళ్లకు ఐదు వందల జుర్మానా. ఈ నిర్ణయం ఊరికి తెలియాలె. తెలపాలంటే చాటింపు వెయ్యాలె. చాటింపు వేసేది తాత. అంటే తన పెండ్లాం పిల్లలకు ఉప్పు ఇయ్యొద్దని తనే నాలుగు కూడళ్లలో చెప్పాలె.

చెప్పిండు. పశువుల సూదుల సంగతి ఏ గొంతుతో చెప్తడో అదే గొంతుతో, ఒక్క మాట తప్పకుండ, ఒక్క మాట కలపకుండ చెప్పిండు. కాని దరువు మార్చిండు. చాటింపు దరువుకు బదులు చావు దరువు వేసిండు. ఊరవతల దాంక జనం పని వదిలేసి, ఎవరు పోయిన్రో అని ఉరుకొచ్చిన్రట. వచ్చి, మాట విని, ఒకరి మొహం ఒకరు చూసుకొని నిలబడ్డరట. పెద్దలు పిలిపించి అడిగితే, ‘మీరు చెప్పిన మాటలన్ని చెప్పిన గద దొర, ఏం తక్కువైంది?’ అన్నడట.

సెసిల్‌ను చదువుతున్నంతసేపూ నాకు తాత యాదికొచ్చిండు. ఇద్దరూ తమవి కాని ఆర్డర్లను ఊరికి చదివేటోళ్లే. సెసిల్‌కు పైన స్టేషన్ మేనేజ్‌మెంట్ ఉంటది. తలుపు వెనక ఉండే ఆ మేనేజ్‌మెంట్ అంటే ఆయనకు గుండె దడ. ఇంటర్న్‌లుగ చేరిన పిల్లలు వరసగ చనిపోతుంటరు, ఆయన వాళ్ల ఇంటోళ్లకు సానుభూతి చెప్పి తర్వాతి వార్తకు పోతడు. కాని ఒక చోట ఈ పోలిక తెగిపోతది. సెసిల్ చాలాసార్లు తను చదివేది నమ్ముతడు. కౌన్సిల్ చెప్పింది కాబట్టి మంచిదే అనుకుంటడు, ప్రశ్నించే స్టీవ్ కార్ల్స్‌బర్గ్ లాంటోణ్ణి రేడియోలోనే తిడతడు. తాత ఒక్కనాడూ నమ్మలేదు. నమ్మకపోవడాన్ని మాటలో పెట్టే వీలు లేక దరువులో పెట్టిండు. విశ్వవిద్యాలయాల్లో సెసిల్ మీద పేపర్లు రాసే విద్యార్థులు ఉంటే ఈ తేడా మీద కూడా ఒక పేజీ రాయాలని నా విన్నపం.

స్క్రిప్టు దగ్గర నాకు మొదటిసారి తక్కువ అనిపించింది కూడా ఇక్కడే. ఆ రోజు తాత చాటింపును ఎవరన్న రాసి పెట్టి ఉంటే కాగితం మీద పెద్దల మాటలు మాత్రమే మిగిలేవి. దరువు పోయేది. నైట్ వేల్ పుస్తకంలో కూడా అట్లాంటి ఖాళీ ఒకటి ప్రతి స్క్రిప్టులో ఉంటది. సెసిల్ ఇప్పుడు వాతావరణం అంటడు, అప్పుడు ఎండ వాన చెప్పకుండ ఎవరో కొత్త పాటగాడి పాట మొత్తం వస్తది. పుస్తకంలో ఆ చోట పాట పేరు, పాడినోళ్ల పేరు, అంతే. నేను రెండు మూడు స్క్రిప్టులు అట్లనే దాటేసి చదివిన. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్న. ముందు చదవడం, తర్వాత వినడం. ఇప్పుడు నా చెవికి తొందర లేదు, ఏం రాబోతున్నదో తెలుసు. కార్లోస్ అనే సైంటిస్టు ఊరికి వస్తడు, సెసిల్ అతని జుట్టు ఎంత బాగుంటదో పదే పదే చెప్తడు. కాగితం మీద అది చిన్న నవ్వు. గొంతులో విన్నప్పుడు మాత్రం ఒక మగమనిషి ఇంకో మగమనిషిని ఎంత ఇష్టపడుతున్నడో, ఊరి రేడియోలో దాన్ని దాచుకోవడం అవసరమే లేనట్టు ఎట్ల చెప్తున్నడో తెలుస్తది. మొదటి ఏడాది ఆఖరుకు ఇద్దరూ ఒక హోటల్ పార్కింగులో కారు మీద కూర్చొని ఆకాశంలో వెలుగులు చూస్తరు. ఆ స్క్రిప్టు నేను నాలుగుసార్లు చదివిన. విన్నది ఒక్కసారే. రెండోసారి వినే ధైర్యం రాలేదు.

అన్నీ పొగడను. అందులో అపాచీ ట్రాకర్ అని ఒక మనిషి ఉంటడు. తెల్లోడు. సినిమాల్లో చూపించే ఈకల కిరీటం పెట్టుకొని తను రెడ్ ఇండియన్ అన్నట్టు తిరుగుతడు. సెసిల్‌కు అతనంటే ఒళ్లుమంట, ఇది అవమానమని ప్రతిసారీ అంటడు. మంచిదే. కాని మొదటి పుస్తకం చదువుతున్నంతసేపూ నేను వెతికింది ఇంకొకరిని. ఆ ఎడారి ఎవరిది? దొంగ వేషాన్ని తిట్టడానికి అంత చోటు ఉన్న కథలో అసలు మనిషికి ఎంత చోటు ఇచ్చిన్రు? మన సినిమాల్లో, నవలల్లో మన వేషం వేసేటోళ్లను చూసి చూసి ఉన్నోళ్లం కాబట్టి ఈ ప్రశ్న మనకు తొందరగ వస్తది. వేషం తప్పని చెప్పడం ఒక మెట్టు. తర్వాతి మెట్టు ఎక్కడానికి ఎవ్వరికీ తొందర ఉండదు.

రెండేండ్లుగ ఆదివారం సాయంత్రాలు మా వాడ అంబేద్కర్ భవన్‌లో పది పన్నెండు మంది పిల్లలతో కూర్చుంటున్న. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాంక. ఇంగ్లీషు చదవడం అలవాటు కావాలని మొదలుపెట్టినం. గ్రామర్ పుస్తకంతో రెండు వారాల్లో సగం మంది మాయమైన్రు. మూడో వారం నైట్ వేల్ స్క్రిప్టు తీసిన. ఒకరు సెసిల్, ఒక పేరా చదవాలె. పక్కనోళ్లు దాన్ని మన తెలుగులో చెప్పాలె. అది ఊర్లో చాటింపు వేసినట్టు ఉండాలె. ఇదే నియమం. కుక్కల పార్కు దగ్గర ఒక పిల్లగాడు ఆగి, ‘సార్, ఈడ తప్పు పడ్డది’ అన్నడు. తప్పు లేదు, నువ్వు చదివింది కరెక్టే అన్న. ఇంకోసారి చదివిండు. మొహం మెల్లగ విప్పారింది. ఆ అర సెకండును నేను బయటి నుంచి చూసిన మొదటిసారి అది.

వాళ్లకు అన్నిటికన్నా నచ్చింది టమికా ఫ్లిన్. నైట్ వేల్ గ్రంథాలయంలో లైబ్రేరియన్లు రాక్షసులు. ఎండకాలం చదువుల కార్యక్రమం అని పిల్లలను లోపల వేసి తాళం పెడతరు. పన్నెండేండ్ల టమికా మిగిలిన పిల్లలను కూడగట్టి, పుస్తకాలు చదువుతూ, లైబ్రేరియన్‌తో తలపడి గెలిచి బయటికి వస్తది. అటు తర్వాత స్ట్రెక్స్‌కార్ప్ అనే కంపెనీ నవ్వుమొహంతో వచ్చి ఊరును, చివరికి రేడియో స్టేషన్‌ను కూడా కొనేస్తది. అప్పుడు పిల్లల దండును నడిపేది కూడా ఆమెనే. సెసిల్ ఆర్డర్లు చదవడం ఆపి ఎదురు మాట్లాడేది కూడా ఆ రెండో ఏడాదిలోనే. పదో తరగతి చదివే ఒక ఆడపిల్ల టమికా పేరా చదివి పుస్తకం మూసి, ‘గీ లైబ్రేరియన్ మా బల్లె గూడ ఉన్నడు సార్. బీరువ తాళం తియ్యడు. మన చేతులు తగిలితె బుక్కులు ఖరాబైతయంటడు’ అన్నది. అందరూ నవ్విన్రు. ఆ పిల్ల నవ్వలేదు. మరుసటి వారం ఐదుగురు కలిసి పోయి బీరువా తాళం అడిగిన్రు. మొదటిసారి ఇయ్యలేదు. మూడోసారి ఇచ్చిన్రు. పెన్నులు, పెన్సిళ్లు నిషేధించిన ఊరు నైట్ వేల్. మనకు నిషేధం అవసరం లేదు, తాళంచెవి జేబులో పెట్టుకుంటే చాలు.

కమ్యూనిటీ రేడియో అంటే ఏంటిది సార్, అమెరికాలోనే ఉంటదా అని ఇంకొకడు అడిగిండు. జహీరాబాద్ దగ్గర కూర్చొని ఈ ప్రశ్న అడగడం నాకు కొంచెం బాధనిపించింది. మాచునూర్‌లో సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబరు 15న మొదలైంది, 90.4 మెగాహెర్ట్జ్. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్లది. దేశంలో గ్రామీణ దళిత ఆడోళ్లు నడిపిన మొట్టమొదటి కమ్యూనిటీ రేడియో. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరి చేతుల మీద అది నడిచింది. యునెస్కో సాయంతో స్టూడియో లైసెన్సుకు చాలా ముందే తయారైంది. గాలిలోకి వదిలే అనుమతి లేక రికార్డు చేసిన క్యాసెట్లను సంఘాల మీటింగులకు మోసుకుపోయి వినిపించేటోళ్లు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజలకు ఆ ఆస్తి ఇయ్యడానికి సర్కారుకు 2006 దాంక పట్టింది. ఆ 1995 తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్ వచ్చి సంఘం రేడియోను ప్రారంభించిండు. విత్తనాలు, కొర్రలు జొన్నలు, పంటరోగాలు, పండుగ పాటలు, అన్నీ మన జహీరాబాద్ మాటలోనే. చాటింపు వేసిన మనుషుల బిడ్డలు మైకు ముందు కూర్చొని, ఈసారి ఏం చెప్పాలో తామే నిర్ణయించుకున్నరు.

ఒక్కటి తప్ప. మన దేశంలో కమ్యూనిటీ రేడియోలు సొంతంగ వార్తలు చెప్పొద్దు. జొన్న గురించి చెప్పొచ్చు, ఆ జొన్న చేను మీద జరిగిన గొడవను వార్తగ చెప్పొద్దు. నైట్ వేల్‌లో రేడియో మొత్తం వార్తలే. ముసుగుల ఆకారాలు, రహస్య పోలీసులు, కౌన్సిల్ బెదిరింపులు ఉన్న ఆ ఊరి రేడియోకు కూడా వార్తలు చదివే స్వేచ్ఛ ఉంది. ఈ మాట చెప్తే పిల్లలు నమ్మలేదు. ‘ఇది గూడ గా బుక్కులదేనా సార్?’ అని అడిగిన్రు. కాదు, ఇది నిజం అన్న.

దాంతో మేమే స్క్రిప్టులు రాయడం మొదలైంది. రేడియో లేదు, లైసెన్సు లేదు, కాగితం ఉంది. కాగితం మీద వార్తలు చెప్పొద్దని ఇప్పటిదాంక ఎవ్వరూ అనలేదు. ఊరి పేరు మార్చినం. అనౌన్సర్ ఒక సుంకరి అవ్వ. హాస్టల్ సాంబారులో పప్పు కనబడిందని ఒక వార్త, అది పుకారని వార్డెన్ ఖండన. ఊర్లో కులం లేదని కొత్తగ తెలిసినందుకు వాడోళ్లంతా గద్దె మీద కూర్చోవడానికి బయలుదేరిన్రని, దారి చాలా పొడుగు ఉందని, పోయిన నెల బయలుదేరినోళ్లు ఇంకా నడుస్తున్నరని ఒక వార్త. ఇది ఎనిమిదిమంది కలిసి రాసిన్రు. నాకు ఒక్క మాట మార్చబుద్ధి కాలేదు.

తాత చాటింపును కూడా స్క్రిప్టు చేస్తమన్నరు. మాటలు సులువుగనే వచ్చినయి. మా నాయిన ఫోనులో చెప్పిండు, రాసుకున్నరు. దరువు దగ్గర ఆగిపోయినం. చాటింపు దరువు ఒకటి, చావు దరువు ఒకటి, రెండూ చదివేటోళ్లకు వేరువేరుగ వినబడాలె. అక్షరాల్లో ఎట్ల రాయాలె? నైట్ వేల్ వాతావరణం లెక్క పేరు రాసి వదిలేద్దామని ఒకరు. వద్దు, పేరు రాస్తే డప్పు ఎరుగనోళ్లకు ఏం తెలుస్తది అని ఇంకొకరు. ఇంటర్ చదివే పిల్లగాడు బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించిండు. ముగ్గురు మూడు తీర్ల రాసిన్రు, చదివితే మూడూ పెండ్లి బ్యాండు లెక్కనే ఉన్నయి. కొట్టేసిన్రు. ఆ పేజీలో మాటల మధ్య నాలుగు చోట్ల ఇంకా ఖాళీ గీతలే ఉన్నయి. వచ్చే ఆదివారం మా చిన్నాయినను డప్పు కాపుకొని రమ్మన్నం.